మూన్‌స్పెల్ '1755': మా మైకుసెట్టు గోడౌన్‌లో మోగిన లిస్బన్ భూకంపం

ముందే చెప్పేస్తున్నానండి, నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. మాది ముమ్మిడివరం దగ్గర మైకుసెట్టు, షామియానా వ్యాపారం. నాన్న రెండు హారన్ మైకులు, ఒక బ్యాటరీతో మొదలుపెట్టిన షాపు ఇప్పుడు నాలుగు జతల టాపులు, ఎనిమిది బేస్ బాక్సుల దాకా వచ్చింది. పెళ్ళయినా, క్రిస్మస్ కూటమైనా, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థమైనా, సామాను బయటికి వెళ్ళేముందు గోడౌన్‌లో ఒకసారి గట్టిగా మోగించి చూసుకోవాలి. మూన్‌స్పెల్ అనే బ్యాండు ఆల్బమ్ '1755' నా చేతికొచ్చింది ఆ పని మీదే. మా పిన్ని కొడుకు లిస్బన్‌లో ఓ హోటల్ వంటగదిలో చేస్తాడు. మొన్న సంక్రాంతికి వచ్చి, "అన్నయ్యా, నీ బాక్సులు తట్టుకుంటాయో లేదో దీంతో చూడు" అని సీడీ ఇచ్చాడు. బాక్సులు తట్టుకున్నాయి. నాకే రెండు రాత్రులు నిద్ర సరిగ్గా పట్టలేదు.

మూన్‌స్పెల్ పోర్చుగల్ బ్యాండు, 1992 నుంచీ ఉన్నారు. గోథిక్ మెటల్ అంటారు వీళ్ళ బాపతుని. బరువైన గిటార్లు, చర్చి కోరస్సులు, చీకటి కథలు, వాటి మధ్య గొంతు చించుకునే గాయకుడు. 1995లో 'వుల్ఫ్‌హార్ట్', 1996లో 'ఇర్రెలిజియస్' వీళ్ళకి పేరు తెచ్చాయి. అవి ఎక్కువగా ఇంగ్లీషు పాటలు. ఈ ఆల్బమ్ మాత్రం మొదటి నుంచి చివరిదాకా పోర్చుగీసులోనే పాడారు. ఆస్ట్రియాలోని నేపామ్ రికార్డ్స్ 2017 నవంబరు 3న విడుదల చేసింది. పది పాటల్లో తొమ్మిది ఒకే కథ: 1755 నవంబరు 1న లిస్బన్ నగరాన్ని కూల్చేసిన భూకంపం.

ఆ కథ మావాడు చెబితే విన్నాను. ఆ రోజు వాళ్ళకి సకల పరిశుద్ధుల పండగ. పొద్దున్న తొమ్మిదిన్నర దాటింది, జనమంతా చర్చిల్లో ఉన్నారు, ఎక్కడ చూసినా వెలిగించిన కొవ్వొత్తులే. భూమి ఊగింది. కప్పులు జనం మీద పడ్డాయి. బతికినవాళ్ళు, ఆరుబయట అయితే ఏమీ కాదులే అని ఏటి ఒడ్డున ఖాళీ స్థలానికి పరిగెత్తారు. టేగస్ నది సముద్రంలో కలిసే చోటది, మన అంతర్వేదిలాగా. ఓ ముప్పావుగంటకి సముద్రం ఏట్లోకి ఎగదన్ని ఆ ఒడ్డునున్నవాళ్ళనే పట్టుకెళ్ళిపోయింది. మిగిలినదాన్ని పడిపోయిన కొవ్వొత్తులూ పొయ్యిలూ అంటించాయి. అయిదారు రోజులు కాలిందట. అప్పటి రాజు మొదటి జోసెఫ్ ఆ తర్వాత కప్పున్న ఇంట్లో పడుకోవడానికి భయపడి, కొండ మీద డేరాలు వేయించుకుని అక్కడే కొలువు పెట్టాడు. ఇది విని నాన్న నవ్వారు. "మన షాపు అక్కడ ఉండాల్సిందిరా" అన్నారు.

నవ్వారు గానీ, ఆ కథ మా ఇంట్లో ఎవరికీ కొత్తగా అనిపించలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మా మీద పడింది. అప్పటికి మా వైపు పదేళ్ళవాడు ఎవడున్నా వాడికి అది కథ కాదు. అప్పుడు నాకు పదేళ్ళు.

సరే, పాటల్లోకి వద్దాం.

మొదటిది 'ఎమ్ నోమ్ దు మేదు', భయం పేరు మీద అని అర్థం. 'నోమ్' అంటే నామమేనట. ఇది వీళ్ళు 2012లో 'ఆల్ఫా నొయిర్' అనే ఆల్బమ్‌లో ఒకసారి చేసిన పాటే. అక్కడ గిటార్లతో ఉన్నదాన్ని ఇక్కడ వాయులీనాలకీ కోరస్సుకీ అప్పగించారు. మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి పాట లేదు. తుఫాను ముందురోజు మధ్యాహ్నం ఆకాశం ఒక రంగులోకి తిరుగుతుంది చూడండి, కొబ్బరి చెట్ల కింద పశువులు మేత మానేసి నిలబడతాయి, అలా ఉంటుంది. గాయకుడు ఫెర్నాందు రిబేరు గొంతు ఇక్కడి నుంచే గరగరలాడుతూ వస్తుంది. ఈ గొంతు విని మా గోడౌన్ కుర్రాళ్ళు మొదట బెదిరారు. నాకు బెదురు లేదు. మా వైపు వీరభద్రుడి సంబరాల్లో 'అశ్శరభ' అని మొదలుపెట్టి ఖడ్గం చదివేవాళ్ళ గొంతు విన్నవాడికి ఇది ఆ ఇంటి గొంతే. కడుపులోంచి తెచ్చి పీకలో రాపిడి పెట్టి వదులుతారు. మాట తెలియక్కర్లేదు, ఎవరినో పిలుస్తున్నాడనీ పోట్లాడుతున్నాడనీ తెలిసిపోతుంది.

పోర్చుగీసు గురించి కూడా ఓ మాట. మన పెద్దవాళ్ళు వాళ్ళని బుడతకీచులు అనేవారు. మనం తీరిగ్గా వాడుకుంటున్న మేస్త్రీ, అల్మరా, బొత్తాం, వేలం, ఇవన్నీ వాళ్ళ దగ్గర పుచ్చుకున్నవే. అందుకని భాష ఎక్కడో తెలిసినట్టు ఉంటుందేమో అనుకున్నాను. లేదు. చెవికి తగిలేది ఒక్కటే, 'ష్'. మాట చివర్లన్నీ 'ష్' మని పోతాయి. 'తోదుజ్ ఉష్ సాంతుష్', 'రుయినష్'. కొబ్బరాకు మీద గాలి కొట్టినట్టు. ఇంగ్లీషులో పాడి ఉంటే ఈ ఆల్బమ్‌లో సగం పోయేదని నా నమ్మకం. ఊరు కూలిన సంగతి ఆ ఊరి భాషలోనే చెప్పాలని పట్టుబట్టారు చూడండి, అక్కడే నా ఓటు పడిపోయింది.

రెండోది '1755', పేరుపాట. వాయులీనాల్లో అరబ్బు సంగీతం వాసన తగులుతుంది, ఆ దేశాన్ని ఒకప్పుడు మూర్లు, అంటే ఉత్తర ఆఫ్రికా వైపు నుంచి వచ్చిన ముస్లింలు, ఏలారు కదా. మూడోది 'ఇన్ త్రేమోర్ దేయి'. దీని దగ్గర ఆగాలి. ఇందులో పావ్‌లు బ్రగాన్సా అనే ఫాదో గాయకుడు వచ్చి పాడతాడు. ఫాదో అంటే లిస్బన్ వీధుల్లో పుట్టిన ఏడుపు పాట, ఓడ ఎక్కి తిరిగిరాని మొగుళ్ళ గురించీ కొడుకుల గురించీ పాడుకునేది. రిబేరు గర్జన పక్కన ఆ ఒంటరి గొంతు లేవగానే గిటార్లన్నీ ఒక అడుగు వెనక్కి వెళ్ళినట్టుంటుంది. భూకంపం తర్వాత అక్కడ పెద్ద తగువు నడిచిందట. ఇది దేవుడి కోపం, పశ్చాత్తాపపడండి అని మలగ్రీద అనే పాదిరీ ప్రచారం చేశాడు. మంత్రిగా ఉన్న పొంబాల్‌కి అది నచ్చలేదు. చచ్చినవాళ్ళ సంగతి, బతికినవాళ్ళ తిండి సంగతి చూడకుండా ఇదేమిటని. మలగ్రీదని చివరికి 1761లో చంపేశారు. ఆ తగువంతా నాకు ఈ రెండు గొంతుల్లోనే వినపడింది. ఆల్బమ్ మొత్తానికి ఎత్తైన చోటు ఇదే.

తర్వాత 'దెజాస్త్ర్', పల్లవి నోటికి పట్టేస్తుంది. మా లోడింగు కుర్రాడు అర్థం తెలియకుండానే రెండు రోజులు అదే కూశాడు. 'అబనావ్' అంటే కుదుపు. 'ఎవెంతు' ఉందంటే ఉంది. '1 దె నొవెంబ్రు' దూకుడు మీద నడుస్తుంది. నాలుగు నుంచి ఏడు దాకా ఈ పాటల్లో నాకు తేడా తెలియడానికి మూడుసార్లు వినాల్సి వచ్చింది. అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది, కాస్త వివరంగా చెప్పనివ్వండి.

ఆ రాత్రి మొదట ఉత్తరం గాలి కొట్టింది. మేమంతా బడిలో ఉన్నాం, ఊరికి ఉన్న ఒక్క డాబా అదే. కొబ్బరి చెట్లు దక్షిణానికి వంగి, లేచి, మళ్ళీ వంగి, తలలు నేలకి కొట్టుకునేవి. విరిగినప్పుడు టపాకాయ పేలినట్టు శబ్దం. దీపావళికి ఇంకా నాలుగు రోజులుంది, ఎవరో ముందే కాలుస్తున్నారనుకున్నాను నేను. అలా ఎంతసేపు గడిచిందో, ఒక్కసారిగా ఆగిపోయింది. అస్సలు ఏమీ లేదు. చూరు నుంచి నీళ్ళ బొట్లు పడే చప్పుడు లెక్కపెట్టుకోవచ్చు. మా పక్కింటి మావయ్య గొడ్లు కట్టేసి వచ్చానని లాంతరు పట్టుకుని లేచారు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేశారు. "తిరుగుతుందయ్యా, మళ్ళీ తిరుగుతుంది" అన్నారు. తుఫాను కన్ను మా మీద ఉందన్న మాట. కాసేపటికి దక్షిణం నుంచి మొదలైంది. ఉత్తరం గాలికి వదులైన చెట్లన్నీ ఈ గాలికి వేళ్ళతో సహా వచ్చేశాయి. ఆ రెండో గాలి నాకు అంత గుర్తు లేదు. ఆ మధ్యలో నిశ్శబ్దమే ఇప్పటికీ కలల్లోకి వస్తుంది.

ఈ ఆల్బమ్‌కి కన్ను లేదండి. లిస్బన్‌లో భూమి ఊగడానికీ సముద్రం రావడానికీ మధ్య ముప్పావుగంట ఉంది. ఏటి ఒడ్డున నిలబడి, బతికిపోయాం అనుకున్న ముప్పావుగంట. ఆల్బమ్ మొత్తం నిడివి కూడా సుమారుగా అంతే. ఆ నిలబడ్డవాళ్ళ గురించి ఒక్క పాట, గిటార్లన్నీ దించేసి ఒక్క పాట ఉంటే ఎంత బాగుండేది! అది లేక, అబనావ్ నుంచి నవంబరు దాకా గాలి ఒక వైపు నుంచే కొడుతున్నట్టుంటుంది. ఒకటే గాలి ఎంతసేపు కొట్టినా చెవి అలవాటు పడిపోతుంది. మైకుసెట్టువాడికి ఇది మొదటి పాఠం: అంతా గట్టిగా పెడితే ఏదీ గట్టిగా వినపడదు.

శబ్దం తయారీ సంగతికొస్తే, రికార్డింగు చూసుకున్నది డెన్మార్క్ ఆయన ట్యూ మాడ్‌సన్. పని గట్టిదే. బేస్ బాక్సుల్లో కిక్ డ్రమ్ముకీ బేస్ గిటారుకీ వేర్వేరు చోట్లు ఇచ్చాడు, ఒకదాన్నొకటి తొక్కుకోవు. డ్రమ్స్ కొట్టిన మైక్ గాస్పర్ 2020లో బ్యాండు వదిలేశాడు, వాళ్ళతో అతని ఆఖరి స్టూడియో ఆల్బమ్ ఇదే. వెళ్ళేముందు మంచి దెబ్బలే వేసి వెళ్ళాడు. కోరస్సు దగ్గర మాత్రం నాకు ఇబ్బంది. గిటార్లు, వాయులీనాలు, కోరస్సు మూడూ ఒకే మధ్య స్థాయిలో ఎగబడి ముద్దయిపోయిన చోట్లున్నాయి. మిక్సర్‌లో మిడ్ కొంచెం లాగి వింటే విడిపోయాయి. ఫోన్ స్పీకర్లో వినేవాళ్ళు మాత్రం దయచేసి ఈ ఆల్బమ్ జోలికి పోకండి, పకోడీలు వేగుతున్నట్టు ఉంటుంది. మంచి హెడ్‌ఫోనైనా ఉండాలి.

కోరస్సు అంటే గుర్తొచ్చింది. మావైపు ఒక ఊళ్ళో క్రైస్తవ కూటానికి బాక్సులు దింపి, అలవాటుకొద్దీ 'తోదుజ్ ఉష్ సాంతుష్' పెట్టాను. సకల పరిశుద్ధులు అనే పాటే. ఆల్బమ్‌లో కోరస్సు నిండుగా, రాజసంగా మోగేది ఇందులోనే. పాస్టరుగారు కుర్చీలు సర్దిస్తూ ఆగి, "ఏ దేశం కీర్తనండి ఇది? బాగుంది" అన్నారు. నేను నోరు తెరిచేలోగా రిబేరు తెరిచాడు. పాస్టరుగారు నా వంక చూసిన చూపు ఏ ఈక్వలైజర్‌తోనూ సర్దలేం. ఆ తర్వాత అక్కడ టెస్టింగుకి 'హలో, చెక్, వన్ టూ త్రీ' తప్ప ఇంకేమీ వాడలేదు.

దానికి ముందున్న 'రుయినష్', అంటే శిథిలాలు, ఆల్బమ్ రెండో సగంలో నాకు బాగా నచ్చినది. రికార్దు అమొరిం గిటారు ఇక్కడ తొందర పడదు. ఇటుక మీద ఇటుక తీసి చూస్తున్నట్టు వాయిస్తాడు. లిస్బన్‌లో కార్ము మఠమని ఒకటుంది, ఆ రోజు కప్పు కూలింది, మళ్ళీ కట్టకుండా అలాగే వదిలేశారు. మావాడు సెలవు రోజున అక్కడి నుంచి వీడియో కాల్ చేశాడు. రాతి కమానులు ఎముకల్లా నిలబడి ఉన్నాయి, పైన నీలం ఆకాశం. "చూశావా అన్నయ్యా, మన తోటలాగే లేదూ" అన్నాడు. వాడు 1996 తర్వాత పుట్టినవాడు. తలలు ఎగిరిపోయి మొండి మానులు మిగిలిన మా తోట ఫొటో ఒకటి ఇంట్లో గోడకి ఉంటుంది, దాన్ని చూసి అన్నమాట అది.

పొంబాల్ ఇంకో పని కూడా చేయించాడట. దేశంలో ఊరూరికీ ప్రశ్నల పట్టీ పంపాడు. భూమి ఎంతసేపు ఊగింది, సముద్రం ముందు లేచిందా, వెనక్కి తగ్గిందా, ఎంతమంది పోయారు అని. మాకూ వచ్చారు రాసుకునేవాళ్ళు. ఇల్లు పూర్తిగా పడిందా, సగం పడిందా? ఎన్ని చెట్లు? కాపు కాసేవా, లేతవా? మా అమ్మ చెట్లు లెక్క చెప్పలేక వాటి పేర్లు చెప్పడం మొదలుపెట్టింది, అమ్మమ్మ నాటింది, నూతి దగ్గరది, నువ్వు పుట్టినప్పుడు పెట్టింది అని. రాసుకునేవాడు పెన్ను పైకెత్తి నిలబడిపోయాడు. ఇలాంటిదేమైనా ఈ ఆల్బమ్‌లో ఉందేమోనని మావాడి చేత పాటల మాటలన్నీ చదివించాను. దేవుడు ఉన్నాడు, రాజ్యం ఉంది, నిప్పు ఉంది, లిస్బన్ ఉంది. నూతి దగ్గర చెట్టు లేదు. మెటల్ పాటలో అంత చిన్నవి వెతకడం నాదే తప్పేమో కూడా.

అయితే చివరి పాట నా నోరు మూయించింది. 'లాంతెర్న దుజ్ అఫొగాదుష్'. లాంతెర్న అంటే మన లాంతరే. మునిగిపోయినవాళ్ళ లాంతరు. ఇది వీళ్ళ సొంత పాట కాదు, పరలామాస్ దు సుసెస్సు అనే బ్రెజిల్ రాక్ బ్యాండు 1989లో పాడింది. భూకంపంతో సంబంధం లేదు. రాత్రిపూట లాంతరు దగ్గర ఒకరు ఇంకొకరి కోసం ఎదురుచూడడం, ఆలస్యం చెయ్యకు అనడం, అంతే పాట. మూన్‌స్పెల్ దాన్ని నిదానం చేసి బరువు పెంచారు. అరుపు పక్కన మామూలు గొంతు కూడా వినిపిస్తుంది. తొమ్మిది పాటలు ఊరు కూలడం గురించి చెప్పి, పదోది ఇంటికి రాని మనిషి గురించి పెట్టారు. కన్ను లేదన్నాను కదా, ఉంది, ఆఖర్న పెట్టారు.

1996 గాలికి నాన్న హారన్లు రెండూ ఎగిరిపోయాయి. ఒకటి నాలుగో రోజున కాలవలో, గుర్రపుడెక్కలో ఇరుక్కుని దొరికింది, మూతి దగ్గర అరచేతి వెడల్పు సొట్టతో. ఆ వారమంతా దానికి పని పడింది. కరెంటు లేదు, లారీ బ్యాటరీ ఒకటి తెచ్చి రిక్షాలో పెట్టుకుని, బియ్యం ఎక్కడ ఇస్తున్నారో, మంచినీళ్ళ ట్యాంకరు ఎక్కడ ఆగిందో నాన్న చెప్పుకుంటూ తిరిగారు. బ్యాటరీ క్లిప్పులు జారిపోకుండా పట్టుకోవడం నా పని. ఉప్పుగాలికి క్లిప్పులు తుప్పు పట్టి మధ్య మధ్య చిటపటమని నిప్పురవ్వలు వచ్చేవి, వేళ్ళు కాలేవి, వదిలితే నాన్న గొంతు తెగిపోయేది. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు నుంచి ఆడవాళ్ళు వచ్చి, వేటకి వెళ్ళిన తమవాళ్ళ పేర్లు కాగితం మీద రాయించి తెచ్చి ఇచ్చేవారు. ఆ పేర్లు కూడా చదివేవారు నాన్న. ఒక్కో పేరూ రెండుసార్లు. ఆ తుఫానులో పోయినవాళ్ళు వెయ్యిమందికి పైనే. చదివిన పేర్లలో ఎంతమంది వచ్చారో మాకెవరూ వచ్చి చెప్పలేదు.

ఆ హారను ఇంకా ఉంది, అటక మీద. మొన్న ఈ చివరి పాట బాక్సుల్లో మోగుతుంటే నాన్న గోడౌన్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఎనభైకి దగ్గరపడ్డారు, చెవులు మాత్రం పాతికేళ్ళవి. "ఆ ఎకో ఏమిటిరా అంత? బావిలోంచి పిలుస్తున్నట్టుంది. తగ్గించు" అన్నారు. రికార్డింగులోనే ఉంది నాన్నా, నేను తగ్గించలేను అన్నాను. ఆయన కాసేపు విని, బాక్సులు ఆపి ఆ హారన్ దింపమన్నారు. దింపి, దుమ్ము దులిపి, పాత యాంప్లిఫయర్‌కి తగిలించి పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. బేస్ అంతా పోయింది, గిటార్లు డబ్బాలో గులకరాళ్ళయ్యాయి, సొట్ట దగ్గర సన్నగా జీరపోయింది. మధ్యలో గొంతు ఒక్కటే మిగిలింది.

నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఆఁ" అన్నారు, "ఇప్పుడు మాట వినపడుతోంది."